భీమవరంలో పడమటి ముఖం ఇల్లు: ఎలివేషన్ డబ్బును ఎండ వైపు మళ్లించిన ఒక కేస్ స్టడీ

స్థలం భీమవరం శివార్లలో, వరిచేను మెరక చేసి వేసిన లేఅవుట్‌లో ఉంది. 300 గజాలు, ఇక్కడి వాడుకలో ఆరు సెంట్ల పైచిలుకు. రోడ్డు పడమర. రోడ్డు వెంట 45 అడుగులు, లోపలికి 60 అడుగులు. కట్టించుకునేది పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడు, ఆయన భార్య. ఏడాది పొడవునా ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. కొడుకు కుటుంబం డాలస్‌లోనూ, కూతురి కుటుంబం హైదరాబాదులోనూ ఉంటాయి. ఖర్చులో పెద్ద భాగం కొడుకుది. అంటే ఇల్లు డిజైన్ చేసే మా ముందుకు వచ్చిన కోరికల్లో సగం, ఏడాదికి ఒకసారి డిసెంబరు చలిలో వచ్చి వెళ్లే మనిషివి. మిగతా సగం, మే నెల మధ్యాహ్నాలు ఇక్కడే గడపాల్సిన వాళ్లవి.

కొడుకు పంపిన బొమ్మలతో వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊళ్లో కొత్త ఇల్లు మొదలైనా ఇప్పుడు వచ్చే జాబితాయే అది. రెండంతస్తుల ఎత్తున్న హాలు, దాని ముందు నేల నుంచి కప్పు దాకా గాజు, గాల్లో తేలుతున్నట్టుండే మెట్లు, మధ్యలో దిమ్మె ఉన్న ఓపెన్ కిచెన్, ఇంటి ముఖానికి, అంటే ఎలివేషన్‌కు, ఏసీపీ అనే అల్యూమినియం రేకు షీట్లు, చెక్కలా కనిపించే నిలువు పట్టీలు, రాత్రి వెలిగే ప్రొఫైల్ లైట్లు, హోమ్ థియేటర్, లోపల చిన్న నీటి కొలను, దాని పక్కన బుద్ధుడు. మాస్టారు అడిగింది ఒక్కటే: సాయంత్రం నలుగురితో కూర్చోవడానికి ముందు ఒక అరుగు. అమ్మగారు అడిగినవి రెండు. వేపుడు వాసన హాల్లోకి రాకూడదు. వడియాలు, ఒరుగులు ఎండబెట్టుకోవడానికి మేడ మీద చోటుండాలి, అక్కడికి వెళ్లే మెట్లు మోకాళ్లు పట్టేలా ఉండకూడదు.

కొత్త పోకడలంటే నాకు చిరాకు లేదు. ఓపెన్ కిచెన్ కోరిక వెనుక, వంట చేసే మనిషి నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండిపోకూడదన్న న్యాయమైన ఆలోచన ఉంది. ఎత్తైన హాలు కావాలన్నవాడు పుట్టి పెరిగింది ఎత్తైన కప్పున్న పెంకుటింట్లోనే. అందుకని బొమ్మ చూసినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఈ బొమ్మ ఏ సుఖాన్ని ఆశపెడుతోంది, ఆ సుఖం ఈ నేల మీద, ఈ ఎండలో ఏ రూపంలో దొరుకుతుంది. ఈ ఇంట్లో చేసిందంతా ఆ లెక్కే. ముఖభాగానికి పెట్టాలనుకున్న డబ్బును తీసి కప్పుకు, పడమటి గోడకు, కిటికీలకు పెట్టాం.

నేల, నీళ్లు

డెల్టాలో ఇల్లంటే మొదటి ఖర్చు కంటికి కనిపించనిది. ఇక్కడ నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిచ్చి కుంచించుకుపోతుంది. మామూలు పునాదులు వేస్తే నాలుగైదేళ్లలో గోడల మీద ఏటవాలు పగుళ్లు వస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతినే వాడాం. పైలు అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభం. పైలు కింది భాగంలో మట్టిని తొలిచి, కాడ వ్యాసానికి దాదాపు రెండున్నర రెట్లుండే బల్బు చేస్తారు. పై మట్టి ఉబ్బినా, కుంగినా కింద కదలని పొరలో ఆ బల్బు పట్టుకుని ఉంటుంది. ఉబ్బే నేల లోతుగా ఉన్నచోట పైలు పొడవు కనీసం 3.5 మీటర్లుండాలని భారతీయ ప్రమాణం. పైళ్లను కలిపే ప్లింత్ బీమ్ అడుగున మట్టి ఉబ్బడానికి కాస్త ఖాళీ వదలాలి. చాలాచోట్ల మేస్త్రులు ఆ ఖాళీని మట్టితో కూరేస్తారు. అలా కూరితే పైలు వేసిన ప్రయోజనంలో సగం పోయినట్టే.

రెండోది నీళ్లు. ఈ ప్రాంతంలో బోరు నీళ్లు ఉప్పన. కాంక్రీటు కలపడానికి, పోశాక తడుపుతూ ఉంచే క్యూరింగ్‌కు బోరు నీళ్లే వాడదామని, పక్క సైట్లలో అందరూ అదే చేస్తున్నారని తాపీమేస్త్రి అన్నాడు. నిజమే, చేస్తున్నారు. ఆ ఇళ్లలో సన్‌షేడ్‌ల అంచులు ఊడి, తుప్పు పట్టిన ఊచలు బయటపడుతున్నదీ నిజమే. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష చేయించాం, బోరు నీళ్లు ఆ గీత దాటాయి. కాంక్రీటుకూ క్యూరింగ్‌కూ ట్యాంకర్లతో మంచినీళ్లు తెప్పించాం. ఆ బిల్లు చూసి కొడుకు నొసలు ముడిచినా, తుప్పు ఊచల ఫొటోలు పంపాక ఇంక మాట్లాడలేదు.

ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న ఎక్స్‌పోజ్డ్ బ్రిక్, అంటే పూత లేని ఇటుక గోడ, ఇక్కడే జాబితాలోంచి పోయింది. ఉప్పు పేరుకున్న నేలలో, ఉప్పు గాలిలో ఎర్ర ఇటుక మీద తెల్లటి పొర తేలుతూనే ఉంటుంది. తుడిచిన కొద్దీ వస్తుంది. బెంగళూరులో అందంగా కనిపించిన గోడ ఇక్కడ రెండు వర్షాకాలాలకే బూడిద పూసినట్టవుతుంది.

బేస్‌మెంట్, అంటే రోడ్డు నుంచి ఇంటి నేల దాకా లేపే కట్టుబడి, ఎత్తు విషయంలో అందరూ ఒకే దిక్కుకు లాగుతారు: వీలైనంత పైకి. కారణం వాన కన్నా రోడ్డు. కొత్తగా సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేస్తారు. కొన్నాళ్లకు ఇల్లు గుంటలో పడుతుంది. రోడ్డుకు రెండున్నర అడుగుల పైన నేల పెట్టాం. కానీ ఇద్దరూ డెబ్బైకి దగ్గర పడుతున్నవాళ్లు. చక్రాల కుర్చీ అవసరమయ్యే రోజు రావచ్చు. ఒక అడుగు ఎక్కడానికి 12 అడుగుల పొడవు వాలు కావాలన్న ప్రమాణంతో చూస్తే రెండున్నర అడుగులకు 30 అడుగులు కావాలి. ముందున్న పది అడుగుల ఖాళీలో అది కుదరదు. ఉత్తరం పక్కన వదిలిన ఖాళీ ఇంటి పొడవునా 45 అడుగులుంది. విడిగా ర్యాంపు కట్టకుండా ఆ నడవ నేలనే మెల్లగా లేపుకుంటూ పోయి, ఉత్తర ద్వారం దగ్గర ఇంటి నేలతో కలిపాం. గోడకు ఆనుకున్న మట్టి చెమ్మ లోపలికి పాకకుండా బేస్‌మెంట్ గోడకు బయట తారు పూత వేసి, నడవ నేలను ప్రహరీ వైపు వాల్చి, అక్కడ చిన్న కాలువ తీశాం. ర్యాంపు ఉందని చూసినవాళ్లకు తెలియదు. గ్యాస్ సిలిండర్ తెచ్చే కుర్రాడికి మాత్రం తెలుసు.

పడమటి ఎండ, నైరుతి గది

అసలు పేచీ ఇక్కడ. రోడ్డు పడమర కాబట్టి ఎలివేషన్ అంతా పడమర. గాజు కావాలన్నదీ అక్కడే.

భీమవరం సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. జూన్ 21 నాటికి ఏడు డిగ్రీలు ఉత్తరానికి కూడా జరుగుతాడు. కాబట్టి వేసవిలో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు. చిన్న సన్‌షేడ్ చాలు. పడమటి గోడ సంగతి వేరు. మే మొదటి వారంలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు క్షితిజానికి సుమారు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఐదింటికి 19 డిగ్రీలు. రెండడుగుల సన్‌షేడ్ వేశామనుకోండి. నాలుగింటికి దాని నీడ కిటికీ మీద అడుగుంబావు దిగుతుంది, ఐదింటికి ఎనిమిది అంగుళాలు. మిగతా కిటికీ అంతా ఎండే. రెండంతస్తుల గాజుకు సన్‌షేడ్ ఉన్నా లేకపోయినా ఒకటే.

కొడుకు వాదన తీసిపారేయదగ్గది కాదు. డాలస్‌లోనూ ఎండలు మండిపోతాయి, అక్కడి ఇళ్లకూ పెద్ద గాజులున్నాయి కదా అన్నాడు. ఉన్నాయి. అక్కడ గోడంటే చెక్క చట్రం, దాని మధ్య కూరిన ఇన్సులేషన్; కిటికీకి రెండు పొరల గాజు, దాని మీద వేడిని వెనక్కి పంపే పూత; ఇల్లంతటికీ ఒకటే ఏసీ. మా దగ్గర కొటేషన్ ఇచ్చినవాళ్లు చూపింది ఒంటి పొర గాజు. కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఇకో నివాస్ సంహిత ప్రకారం, చల్లని ప్రాంతాలు మినహా, గోడలూ కిటికీలూ కలిపి లోపలికి వదిలే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. ఆ సూత్రంతో రెండు డిజైన్లూ లెక్కకట్టి పక్కపక్కన పెట్టి పంపాను. గాజు ముఖం గీత దాటింది. కొడుకు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మాటల కన్నా పట్టిక త్వరగా పని చేసింది.

ఇక వాస్తు. యజమాని గది నైరుతిలో ఉండాలన్నది ఇక్కడ ఎవరూ వదులుకోని మాట, మాస్టారు అసలే వదులుకోరు. పడమటి ముఖం ఇంట్లో నైరుతి గదికి రెండు బయటి గోడలుంటాయి. వాటిలో ఒకటి సాయంత్రపు ఎండను పూర్తిగా తాగేది. 9 అంగుళాల ఇటుక గోడ తాగిన వేడి లోపలి వైపుకు చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటి ఎండ రాత్రి పదీ పదకొండు మధ్య, సరిగ్గా పడుకునే వేళకు మంచం దగ్గరికి వస్తుందన్నమాట. 'రాత్రి గోడలు సెగలు కక్కుతున్నాయి' అని మన ఇళ్లలో వినిపించే ఫిర్యాదు ఇదే.

గది మార్చలేదు, గోడ మార్చాం. పడమటి గోడను రెండు పొరలుగా కట్టాం: బయట నాలుగున్నర అంగుళాల ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుక, మధ్యలో రెండంగుళాల ఖాళీ, లోపల మళ్లీ నాలుగున్నర. బరువు మోసేది కాలమ్స్, బీములే కాబట్టి గోడ సన్నబడినా భయం లేదు. మామూలు ఎర్ర ఇటుక కన్నా ఫ్లైయాష్ ఇటుక కొలతలు ఒకేలా ఉంటాయి. రెండు పొరలూ సమానంగా లేవాలంటే అది అవసరం. పొరల్ని కలిపే కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాం, మామూలు ఇనుము ఈ గాలికి నిలవదు. కడుతున్నప్పుడు పైనుంచి జారే సిమెంటు ముద్దలు ఖాళీలో పడి రెండు పొరల్నీ అతికించేస్తాయి. తడి, వేడి రెండూ ఆ ముద్దల మీదుగా దాటుతాయి. అందుకని ఖాళీ అంత వెడల్పున్న చెక్క పట్టీని తాళ్లతో వేలాడదీసి, ప్రతి నాలుగైదు వరసలకూ పైకి లాగి శుభ్రం చేయించాం. మేస్త్రి మొదట్లో నవ్వాడు. పట్టీ మీద పేరుకున్న ముద్దలు చూశాక తనే లాగడం మొదలుపెట్టాడు. అడుగు వరసలో నీళ్లు కారే రంధ్రాలు వదిలి, చీమలు, బల్లులు దూరకుండా సన్న జాలీ పెట్టాం.

ఆ గోడకు లోపల బీరువాలు నిలబెట్టాం. కిటికీ దక్షిణాన పెట్టాం, పూర్తిగా తెరుచుకునేది. సముద్రం దక్షిణ, ఆగ్నేయాల వైపు ఉంది. సాయంత్రం చల్లగాలి వచ్చేది అటునుంచే. గోడ ముందు మాస్టారు అడిగిన అరుగు, ఎనిమిది అడుగుల లోతున, ఇంటి వెడల్పంతా. దాని కప్పు నీడ నాలుగింటికి గోడ మీద ఐదడుగులు దిగుతుంది. ఐదు తర్వాత దూరే వాలు ఎండకు నైరుతి గది ముందు మాత్రం టెర్రకోట జాలీ గోడ లేపాం. మిగతా చోట వెదురు తెరలు, ఎండ వచ్చినప్పుడు దించుకునేవి. ఎలివేషన్ అంటూ ఇంటికి ఉన్నది ఈ అరుగు, ఈ జాలీయే. రాత్రి వెలిగే లైట్లు స్లాబ్ అంచు కింద పెట్టాం. అవి కొడుకు కోరిక, ఎవరికీ హాని లేదు.

పై అంతస్తును 900 చదరపు అడుగులకే పరిమితం చేసి నైరుతి మీదుగా కట్టాం. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలనే వాస్తు చూసిన సిద్ధాంతిగారు సంతోషించారు. నా లెక్క వేరు: తల్లిదండ్రుల గది నెత్తిన ఎండ పడే కప్పు లేకుండా పోయింది. ఎండను నెత్తికెత్తుకునేది దాని పైనున్న కొడుకు గది. అతను వచ్చేది డిసెంబరులో.

మండువా, దాని మీద గాజు

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు మళ్లీ మోజులోకి వచ్చాయి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, వాన నీళ్లు మధ్య గుంటలో పడి తూము గుండా బయటికి పోయే ఇళ్లు అవి. ఇప్పుడు ప్రతి రెండో బొమ్మలోనూ మండువా ఉంటుంది, దాని మీద గాజు కప్పు ఉంటుంది. వాన రాదు, దోమ రాదు, ఆకాశం కనిపిస్తుంది అంటారు. మే నెలలో నడినెత్తిన సూర్యుడున్న ఊళ్లో, ఇంటి నడిబొడ్డున గాజు మూత పెట్టడం లాంటి పొరపాటు ఇంకొకటి లేదు. ఎండ లోపలికి వస్తుంది, నేల వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పాత మండువా పని చేసింది అది తెరిచి ఉండడం వల్ల.

ఇంకో సంగతి మన కోస్తాకు ప్రత్యేకం. రాజస్థాన్ ఇళ్ల ముంగిట్లో నీటి తొట్టి చల్లదనాన్ని ఇస్తుంది, అక్కడి గాలి పొడి కాబట్టి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. భీమవరం గాలికి ముందే ఒళ్లంతా చెమ్మ. ఇక్కడ కొలను పెడితే దక్కేవి దోమలు. చల్లదనం గాలి కదలిక నుంచే రావాలి. కొలను పోయింది, బుద్ధుడు అరుగు మీదికి చేరాడు.

మేము చేసింది ఇది. ఇంటి మధ్య 10 అడుగులు, 9 అడుగుల ఖాళీని రెండంతస్తుల ఎత్తున వదిలాం. కొడుకు అడిగిన రెండంతస్తుల ఎత్తు ఇక్కడ దొరికింది. హాల్లో అయితే అంత ఎత్తు గాలిని ఏసీతో చల్లబరచాలి, ఫ్యానుకు పొడవాటి గొట్టం వేలాడదీయాలి, బూజు దులపడానికి పరంజా కట్టాలి. ఖాళీ పైన స్లాబ్‌కు మూడున్నర అడుగుల ఎత్తులో విడి కప్పు నిలబెట్టాం. మధ్య సందుకు నాలుగు వైపులా వాలు పలకలు, వాటి వెనక పావురాలు, దోమలు రాకుండా జాలీ. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంది, దక్షిణపు కిటికీల నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. గాలి ఆడని రోజుల్లో ఇది బలహీనంగానే పని చేస్తుందని, అద్భుతాలు ఆశించవద్దని ముందే చెప్పాం. తుఫాను రోజుల్లో వాన జల్లు పలకల్లోంచి కొడుతుంది. అందుకని తూర్పు, ఉత్తరం వైపుల పలకలకు లోపలి నుంచి మూసుకునే తలుపులు, మండువా నేలకు రెండంగుళాల పల్లం, ఒక తూము పెట్టాం. మండువాకు, అరుగుకు బేతంచర్ల బండలు వేశాం. గదుల్లో మామూలు టైల్సే, కానీ అద్దంలా మెరిసేవి కావు. తడి కాలు జారే వయసు ఇంట్లో ఇద్దరిది.

సిద్ధాంతిగారు బ్రహ్మస్థానం, అంటే ఇంటి నడిమధ్య, ఖాళీగా వదిలినందుకు మెచ్చుకున్నారు. వాస్తు, వాతావరణం కలిసి వచ్చిన చోట వాస్తు పేరు చెప్పి ఒప్పించడం నాకు అభ్యంతరమేమీ కాదు.

కిటికీల గురించి ఒక మాట. యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన స్లైడింగ్ కిటికీలు ఇప్పుడు అందరి ఇళ్లలోనూ ఉన్నాయి. శబ్దం రాదు, తుప్పు పట్టదు, ఈ గాలికి మంచివే. కానీ స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల విస్తీర్ణం నేల విస్తీర్ణంలో ఆరో వంతైనా ఉండాలని ఇకో నివాస్ సంహిత చెబుతుంది. స్లైడింగ్‌తో ఆ లెక్క తేలాలంటే కిటికీలు రెట్టింపు చేయాలి. అదే యూపీవీసీలో తలుపులా తెరుచుకునేవి వేసి, లోపల జాలీ రెక్క పెట్టాం.

వంటిల్లు

ఆగ్నేయంలో వంటిల్లు, ఆగ్నేయం నుంచి సాయంత్రపు గాలి. సరిగ్గా రాత్రి వంట వేళకు చేపల వేపుడు వాసనను గాలి ఇల్లంతా మోసుకుపోతుంది. ఓపెన్ కిచెన్ అయితే సోఫాల గుడ్డల్లో కూడా నిలిచిపోతుంది. బొమ్మల్లో కనిపించే దిమ్మె వంటగదుల్లో తాలింపు వేసిన ఆనవాళ్లు ఎక్కడా ఉండవు, గమనించండి.

ఇప్పుడు చాలా ఇళ్లలో రెండు వంటిళ్లు కడుతున్నారు: చూపుకు ఒకటి, వండడానికి ఒకటి. చూపుకు కట్టిన దానిలో కాఫీ కాచడం తప్ప ఇంకేమీ జరగదు. అంత చోటు ఇక్కడ లేదు కూడా. ఒకే వంటిల్లు కట్టి, హాలు వైపు గోడలో నడుము ఎత్తు నుంచి వెడల్పాటి కిటికీ తీశాం, జరిపితే మూసుకునే గాజు పలకతో. దాని ముందు హాలు వైపు నల్ల కడప బండతో ఒక గట్టు. తాలింపు వేళకు గాజు మూస్తారు, మిగతా వేళ తెరిచి ఉంటుంది. చిమ్నీ గొట్టాన్ని తూర్పు గోడలోంచి బయటికి వదిలితే ఎదురుగాలి పొగను తిరిగి లోపలికి నెట్టేది. దాన్ని గోడలోనే పైకి తీసుకెళ్లి మేడ పిట్టగోడకు పైన వదిలాం. తూర్పు పెరట్లో అంట్ల గది, రోలు, చేపలు శుభ్రం చేసుకునే గట్టు. ఆ గట్టు ఎత్తు అమ్మగారు నిలబడి కొలిచి చెప్పారు. నేను గీసిన దాని కన్నా రెండంగుళాలు తక్కువ.

మెట్ల గురించి ఆవిడ అడిగింది మర్చిపోలేదు. నేల నుంచి నేలకు 11 అడుగులు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లకు మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. చాలా ఇళ్లలో చోటు ఆదా కోసం అంతా వాడేస్తారు. ఇక్కడ ఆరంగుళాల ఎత్తు, అడుగు వెడల్పు పెట్టాం. 22 ఎక్కులు, 21 మెట్లు, మధ్యలో మలుపు దగ్గర చదును, రెండు వైపులా చేతిపట్టు. 21 బేసి సంఖ్య కాబట్టి ఇంట్లో అందరికీ నచ్చింది. గాల్లో తేలే మెట్లు కొడుకు పిల్లల్ని చూపించి వద్దన్నాను: రెండు మెట్ల మధ్య సందులోంచి నాలుగేళ్ల పిల్ల దూరిపోగలదు. మెట్ల పక్కన ఐదడుగుల చదరపు గది ఒకటి రెండంతస్తుల్లోనూ ఒకదాని మీద ఒకటి వచ్చింది. కింద స్టోరు, పైన బట్టల గది. వాటి మధ్య స్లాబ్‌ను తర్వాత విప్పుకునేలా చుట్టూ విడిగా బీములు వేశాం. లిఫ్టు కావాల్సిన రోజు అక్కడ పెడతారు. పై అంతస్తులో కొడుకు రాత్రిళ్లు అమెరికా వేళల్లో పని చేసుకోవడానికి ఒక చిన్న గది కట్టాం. హోమ్ థియేటర్ డబ్బు చాలక పోయింది, ఎవరూ చింతించలేదు.

కప్పు

ఒకటో అంతస్తు లేని చోట, ఈశాన్యం వైపు కప్పు ఖాళీగా మిగిలింది. అదే వడియాల చోటు. ఇంటి మొత్తంలో ఎండ ఎక్కువ తాగేది కప్పే కాబట్టి ఇక్కడ కక్కుర్తి పడలేదు. స్లాబ్ మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన పొర, దాని పైన తెల్ల టైలు ముక్కలు. కూల్ రూఫ్ పెయింట్ చాలదా అని కూతురు అడిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు తప్పనిసరి చేసింది. హైదరాబాదులో ఆ మాట ఆవిడ చెవిన పడింది. పెయింట్ పని చేస్తుంది, చవక కూడా. కానీ దుమ్ము పట్టి నల్లబడే కొద్దీ గుణం తగ్గుతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. నడిచే, ఎండబెట్టుకునే కప్పుకు టైలు ముక్కలే మేలు. ఎవరూ ఎక్కని మండువా కప్పుకు మాత్రం పెయింటే వేశాం.

అల్లుడు ఫిల్లర్ స్లాబ్ గురించి అడిగాడు. స్లాబ్ అడుగు భాగంలో లాగుడును తట్టుకునేది ఇనుము, కాంక్రీటు కాదు. కాబట్టి ఊచల మధ్య కొంత కాంక్రీటు బదులు పెంకులు పెట్టవచ్చన్నది దాని సూత్రం. కేరళలో లారీ బేకర్ దాన్ని జనంలోకి తెచ్చారు. పద్ధతి మంచిదే. అలవాటు లేని సెంట్రింగ్ పనివాళ్లతో, ఊచల మీది కాంక్రీటు కవరింగ్ కాస్త తగ్గినా తుప్పు పట్టే గాలిలో వద్దనుకున్నాం.

పైన నైరుతి గది కప్పు మీద 3 కిలోవాట్ల సోలార్. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్ర రాయితీ 78 వేల రూపాయలు. పలకల్ని కప్పుకు ఆనించకుండా మనిషి నడిచే ఎత్తున నిలబెట్టాం; కరెంటుతో పాటు కొడుకు గది కప్పుకు నీడ కూడా వస్తుంది. కోస్తా ఆంధ్రలో గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా తీసుకుని లెక్క కట్టాలి. సోలార్ బిగించేవాళ్లు సాధారణంగా సిమెంటు దిమ్మెల మీద కాళ్లు నిలబెట్టి వెళ్లిపోతారు. తుఫానుకు పలకలు గాలిపటాలు కాకూడదంటే కాళ్లు ఇంటి కాలమ్స్‌లోకి దిగాలి. స్లాబ్ పోసేటప్పుడే కాలమ్స్‌ను పొట్టిగా పైకి పొడిగించి వదిలాం, బోల్టులు వాటిలోనే పోశాం. సోలార్ ఆలోచన ఉన్నవాళ్లు స్లాబ్‌కు ముందే ఇంజినీరుకు చెప్పాలి.

వాన నీళ్ల విషయంలో ఇంకుడు గుంత ఒక్కటే సరిపోదనుకున్నాం. జిగట మట్టిలో నీళ్లు ఇంకడం కష్టం, ఇంకినా కింద ఉన్నది ఉప్పు నీళ్లే. ఈశాన్యంలో 10 వేల లీటర్ల సంపు కట్టి కప్పు నీళ్లను వడపోసి అందులోకి మళ్లించాం. 140 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,400 లీటర్లు. వేసవిలో కాలువలు కట్టేసే వారాల్లో మున్సిపల్ నీళ్లు పలచబడతాయి, అప్పటి కోసం.

ఒక వేసవి, ఒక వర్షాకాలం తర్వాత

గాజు, ఏసీపీ ఎలివేషన్‌కు వచ్చిన కొటేషన్‌లో రెండు పొరల గోడ, కప్పు పొర, కిటికీల మీద అదనపు ఖర్చు సర్దుకున్నాయి. పైళ్లకు మాత్రం హోమ్ థియేటర్ డబ్బు కూడా పోసి, ఇంకా కొంత కలపాల్సి వచ్చింది.

తల్లిదండ్రుల గదిలో ఏసీ ఉంది. మే నెలలో రాత్రి భోజనాల తర్వాత వేసి, నిద్ర పట్టాక తీసేసి ఫ్యాను పెట్టుకుంటున్నామన్నారు. పైనున్న కొడుకు గది అదే నెలలో పగలు అడుగు పెట్టలేనంత వేడి, అనుకున్నట్టే. వంటింటి గట్టు మీద వండిన గిన్నెల కన్నా ఆకుకూరలు ఎక్కువ కనిపిస్తున్నాయి. అమ్మగారు హాలు వైపు కూర్చుని టీవీ చూస్తూ కూర ఒలుచుకుంటారు. అక్టోబరు వానల్లో మండువాలో జల్లు పడింది, తూము లాగేసింది. తలుపులు మూయడానికి పెట్టిన పొడవాటి కడ్డీ ఆవిడకు బరువైంది. దాన్ని తీసి చేతితో తిప్పే చక్రం పెట్టించాం. కొడుకు డిసెంబరులో వచ్చి ఇల్లంతా తిరిగి, మండువాలో పైకి చూసి, ఎత్తు బాగుందన్నాడు. గాజు మాట ఎత్తలేదు. ముందు లైట్లు మాత్రం ఇంకో వరస కావాలన్నాడు, వేయించాం.

పక్క స్థలం వాళ్లు ఇదే మండువా కావాలని వచ్చారు, పైన గాజుతో. వాళ్లది తూర్పు ముఖం, 200 గజాలు. అంత చిన్న స్థలంలో మండువా తీస్తే గదులు ఇరుకవుతాయి. మెట్ల పైనే ఇలాంటి ఎత్తు కప్పు, వాలు పలకలు పెట్టుకుంటే వేడి గాలి అక్కడి నుంచే పోతుందని చెప్పాను. ఆలోచిస్తున్నారు.

ఇల్లు అప్పగించేటప్పుడు ఒక కాగితం రాసి మీటరు బోర్డు తలుపు లోపల అతికించాం. వర్షాకాలానికి ముందు తూము, సంపు వడపోత గుంత శుభ్రం చేయాలి. పడమటి గోడ అడుగు రంధ్రాలను పెయింటర్లు పుట్టీతో మూసేయకుండా చూడాలి. మండువా పలకల జాలీని ఏడాదికోసారి దులపాలి. సోలార్ పలకల్ని బోరు నీళ్లతో కడగకూడదు, ఉప్పు మరకలు పడతాయి. సంపు నీళ్లే వాడాలి. కాళ్ల బోల్టులను తుఫాను కాలానికి ముందు సెప్టెంబరులో ఒకసారి బిగించి చూడాలి. ఈ చివరి పనికి మాస్టారు సోలార్ కుర్రాడితో ఏటా రావాలని మాట తీసుకున్నారు, ఫోను నంబరు కూడా ఆ కాగితం మీదే రాసుకున్నారు.